కిరాయి ఇంట్లో క్రిస్మస్ చెట్టు: గోడ పాడవకుండా ఏది పెట్టుకుంటే బాగుంటుంది?

మా హాల్లో గోడకు ఒకే ఒక్క మొల ఉంది. ఇల్లు చూపించిన రోజే ఓనరు ఆంటీ దాన్ని వేలుతో చూపించి, "క్యాలెండర్ కోసం కొట్టించినమమ్మా, ఇంకోటి మాత్రం కొట్టొద్దు" అన్నారు. నల్లగొండలో మాకిది రెండో కిరాయి ఇల్లు. అంతకుముందు మహబూబ్‌నగర్‌లో ఉన్నాం. అక్కడ ఖాళీ చేసేటప్పుడు, క్రిస్మస్ తోరణాల కోసం మేము కొట్టిన నాలుగు మొలల గుంతలు, టేపు పీకినచోట లేచిపోయిన రంగు పెచ్చులు చూపించి, రంగుల ఖర్చు అడ్వాన్సులో పట్టుకున్నారు. చిన్న జీతంతో బతికే ఇంటికి అది చిన్న దెబ్బ కాదు.

అక్కడే ఇంకొకటి కూడా జరిగింది. అది డబ్బు కన్నా ఎక్కువ బాధపెట్టింది. ఆ ఏడు పిల్లలు అడిగారని ఐదడుగుల ప్లాస్టిక్ చెట్టు కొన్నాం. కొమ్మలు విప్పి నిలబెడితే పదడుగుల హాల్లో ఒక మూల మొత్తం అదే. ఒక రాత్రి పదకొండింటికి క్యారల్స్ వాళ్లు వచ్చారు. డోలక్, గిటారు, కంజీరలు, పిల్లలు, పెద్దలు కలిపి ఇరవై మంది పైనే. సగం మందికి లోపల చోటు లేదు. మా చర్చి సంఘంలో మోకాళ్ల నొప్పులున్న పెద్దామె ఒకరు, పాటలూ ప్రార్థనా అయిపోయేదాకా దర్వాజ పట్టుకుని గడప బయటే నిలబడ్డారు. ఆమె కూర్చోవాల్సిన చోట చెట్టు నిలబడి ఉంది.

అప్పటి నుంచి నేను ఏ చెట్టును చూసినా మూడే ప్రశ్నలు వేసుకుంటాను. నేల మీద ఎంత చోటు తింటుంది? గోడకు ఏం చేస్తుంది? ఇల్లు మారేటప్పుడు ట్రాలీ ఆటోలో వస్తుందా, లేక ఇక్కడే ఎవరికైనా పనికొస్తుందా? అందం గురించి వేరే అడగక్కర్లేదు. నాలుగు లైట్లు పడితే ఏదైనా అందంగానే ఉంటుంది. ఈ ఆరేళ్లలో నేను స్వయంగా చేసి చూసినవీ, మా సంఘంలో వాళ్ల ఇళ్లలో దగ్గరగా చూసినవీ ఇక్కడ రాస్తున్నాను.

అసలైన చెట్టు కాకుండా వేరేది పెట్టుకుంటే పండుగ తగ్గినట్టు అనుకునేవాళ్లకు ఒక మాట. క్రిస్మస్‌కు ఇంట్లో చెట్టు పెట్టడం 16వ శతాబ్దంలో జర్మన్ ప్రాంతాల్లో మొదలైన అలవాటు. 1848లో లండన్ పత్రిక ఒకటి విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ వేశాక ఇంగ్లండ్‌లో ఇంటింటికీ పాకింది. వాళ్లు వాడింది అక్కడి అడవుల్లో పెరిగే సూదాకుల చెట్టు. మన ఎర్ర చెల్కల్లో, మన మే నెల ఎండకు అది బతకదు. మత్తయి సువార్తలో నక్షత్రం ఉంది, లూకా సువార్తలో పశువుల తొట్టి ఉంది, చెట్టు మాత్రం ఎక్కడా లేదు. కాబట్టి మన దగ్గర దొరికేదాన్ని చెట్టు చేసుకోవడంలో లోటేమీ లేదు.

ముందు గోడను చేత్తో రుద్ది చూడండి

ఏం కొనకముందే ఈ పని చేయండి. అరచేతిని గోడ మీద గట్టిగా రెండుసార్లు రుద్దండి. చేతికి తెల్లటి పొడి అంటితే అది సున్నమో, చవక డిస్టెంపరో. దాని మీద ఏ టేపూ నిలవదు. నిలిచినా, తీసేటప్పుడు పెచ్చుతో సహా వస్తుంది. చేతికి ఏమీ అంటకుండా నున్నగా ఉంటే అది ఆయిల్ పెయింటో, మంచి ఎమల్షనో అయి ఉంటుంది. అక్కడ కాస్త ధైర్యం చేయవచ్చు. అయినా తలుపు వెనక కనబడని చోట అంగుళం ముక్క టేపు అంటించి, ఒక రోజు ఉంచి, మెల్లగా గోడ వెంబడి కిందికి లాగి చూడండి. మీ వైపుకు లాగితే రంగు ఊడుతుంది. గోడకు ఆనించినట్టే కిందికి లాగాలి.

గోడకు అంటించే హుక్కులు ఇప్పుడు అన్ని ఊళ్లలో దొరుకుతున్నాయి. ప్యాకెట్ మీద ఎన్ని కిలోలు మోస్తుందో రాసి ఉంటుంది, కానీ ఆ లెక్క నున్నటి గోడకే, కిచెన్ టైల్స్‌కే. అంటించే ముందు దుమ్ము తుడవాలి, అంటించాక గంటసేపు ఏమీ తగిలించకుండా ఆగాలి. చాలామంది ఆ గంట ఆగరు. రాత్రి ధబ్బున పడ్డాక హుక్కును తిడతారు. కొత్తగా రంగులు వేసిన ఇంట్లోకి దిగితే కనీసం వారం రోజులు దేన్నీ అంటించకండి.

క్యాలెండర్ మొలకు వేలాడే చెట్టు

సగానికి సగం కిరాయి ఇళ్లకు ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. ఏ ఇంట్లో చూసినా క్యాలెండర్ మొల ఒకటి ఉండనే ఉంటుంది. ఓనరు ఒప్పుకున్న మొల అది. దాని మీదే పండుగంతా నడపవచ్చు.

ఏడు కట్టెలు కావాలి. కందికట్టె అయితే తేలిక. డిసెంబర్ చివర్లో ఊళ్లలో కంది కోతలు మొదలవుతాయి, అప్పటిదాకా ఆగలేకపోతే మేదరి వాళ్ల దగ్గర వెదురు బద్దలు అడగండి, చీల్చి ఇస్తారు. అన్నిటికన్నా కిందిది 29 అంగుళాలు. ఆపైన ఒక్కోటి నాలుగేసి అంగుళాలు తగ్గిస్తూ 25, 21, 17, 13, 9, 5. ఒక్కో కట్టెకు మధ్య ఆరంగుళాల ఎడం. రెండు పక్కలా సుతిలి తాడు కట్టుకుంటూ పోతే నిచ్చెనలా తయారవుతుంది. పైన రెండు తాళ్లనూ కలిపి ముడేస్తే మూడడుగుల పైచిలుకు త్రికోణం. తాడును కట్టెకు ఒక్క చుట్టు చుడితే జారుతుంది. రెండు చుట్లు తిప్పి మధ్యలోంచి తీసి బిగించాలి. మా బాబు మొదటిసారి ఒక్క చుట్టుతో కట్టాడు, తెల్లారేసరికి ఏడు కట్టెలూ కిందికొచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. మళ్లీ విప్పి కట్టుకున్నాం.

దీని అసలు అందం తగిలించే వస్తువుల్లో ఉంటుంది. నల్లగొండలో బత్తాయికి కొదవ లేదు. రెండు కాయల్ని పావు అంగుళం మందాన చక్రాలుగా కోసి, పలుచటి బట్ట కప్పి డాబా మీద ఎండబెట్టండి. చేత్తో ముట్టుకుంటే జిగట తగలకుండా ఉండేదాకా ఎండాలి, తొందరపడితే చీమలు పడతాయి. ఎండిన చక్రాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే తొనల గీతలు తేనె రంగులో కనిపిస్తాయి. వెనక ఒక లైటు పడితే ఇక రంగు కాగితం అక్కర్లేదు.

మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు బత్తాయి బదులు సీతాఫలం ఉంది. ఆ కాయల్లో పేరున్న బాలానగర్ రకం అక్కడి ఊరి పేరుతోనే వచ్చింది. తినే కాయలు నవంబర్‌కు అయిపోతాయి. కానీ ఎదగకుండా చెట్టు మీదే ఎండిపోయి, నల్లగా రాయిలా గట్టిపడిన చిన్న కాయలు కొమ్మలకు వేలాడుతూ ఉంటాయి. వాటిని ఎవరూ కోయరు. విదేశీ బొమ్మల్లో క్రిస్మస్ చెట్టుకు వేలాడే ఆ గరుకు కాయల్లాగే ఉంటాయి. ముచ్చికకు దారం కడితే చాలు. మిగిలిన ఖాళీల్లో పాత పెండ్లి పత్రికల్లోంచి కత్తిరించిన నక్షత్రాలు పెట్టండి. బంగారు రంగు అచ్చు ఉన్న మందపాటి అట్ట ఏ షాపులో కొన్నా అంత బాగా దొరకదు.

బరువు కిలోకు మించకుండా చూసుకోండి. మొల కొంచెం కదులుతున్నట్టు అనిపిస్తే దీన్ని వదిలేసి బీరువా దగ్గరికి వెళ్లండి.

ఒక్క మొల కూడా లేని ఇంట్లో: బీరువా చెట్టు

కొన్ని ఇళ్లలో ఆ ఒక్క మొల కూడా ఉండదు. అలాంటప్పుడు మీ సొంత గోడ ఒకటుంది, అది ఇనుప బీరువా పక్క రేకు. చిన్న అయస్కాంతాలు ఓ పది పన్నెండు తెచ్చుకుని, ఆకుపచ్చ రిబ్బనును పైనుంచి కిందికి అటూ ఇటూ మలుపులు తిప్పుతూ మలుపు మలుపుకు ఒక అయస్కాంతం పెడితే చెట్టు ఆకారం వచ్చేస్తుంది. ఖర్చు అన్నిటికన్నా తక్కువ, నేల మీద చోటు సున్నా, ఓనరుతో మాట కూడా రాదు. బరువైనవి మాత్రం తగిలించలేరు. కాగితం నక్షత్రాలు, పిల్లల ఫొటోలు, పోయిన ఏడాది వచ్చిన గ్రీటింగ్ కార్డులు చాలు. రేకు మీద టేపు వాడకండి, ఆ జిగురు వదలదు.

హాస్టల్‌లోనో సింగిల్ రూమ్‌లోనో ఉండి డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుకునే పిల్లలకు నేను ఎప్పుడూ ఇదే చెప్తాను. పుస్తకాలనే చెట్టులా పేర్చుకోవచ్చని ఫోన్లలో చాలా వీడియోలు కనిపిస్తాయి. కానీ చదువుకునేవాళ్లకు రోజూ ఏదో ఒక పుస్తకం కింది వరసలోంచి కావాలి. ఒక్కటి లాగితే చెట్టంతా కూలుతుంది. చదవడం అయిపోయిన పుస్తకాలున్నవాళ్లకే అది కుదురుతుంది.

పత్తికట్టె చెట్టు

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇది. అందరికీ కుదిరేది మాత్రం కాదు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

నల్లగొండ దాటి దేవరకొండ దారిలో పోయినా, మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు పోయినా పత్తి చేన్లే. డిసెంబర్ వచ్చేసరికి రెండో ఏరుడో, మూడోదో నడుస్తుంటుంది. ఆకు చాలావరకు రాలి, గోధుమ రంగు కట్టె మిగిలి, పగిలిన కాయల్లో అక్కడక్కడా తెల్లటి దూది. చేను గట్టు మీద నిలబడి చూస్తే, మనం అట్టల మీద దూది అంటించి చేసే మంచు ఇక్కడ చెట్టుకు పుట్టుకతోనే ఉందనిపిస్తుంది.

తెలిసిన రైతును అడిగి, నడుం ఎత్తున్న, కొమ్మలు నాలుగు వైపులా విరిసిన కట్టెను ఒకటి వేళ్లతో పీకించుకోండి. ఐదారు కాయల్లో పత్తి ఏరకుండా ఉంచమని అడగండి, దానికి డబ్బులు ఇవ్వండి. ఆ దూది వాళ్ల ఏడాది కష్టం. బస్సులో తెచ్చేటప్పుడు పాత చీరతో చుట్టుకుంటే కొమ్మలు విరగవు, ఎవరికీ గుచ్చుకోవు కూడా.

ఇంట్లోకి తెచ్చే ముందు బయటే గట్టిగా దులపండి. పత్తికి మందులు కొడతారు, కాబట్టి కట్టెను తడిబట్టతో తుడిచి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. పాకే పిల్లలున్న ఇంట్లో దీన్ని పెట్టకండి. దూదిని నోట్లో పెట్టుకుంటారు, పగిలిన కాయ మొనలు కూడా గుచ్చుకుంటాయి. ఖాళీ పెయింట్ డబ్బాలో కంకర, ఇసుక నింపి నిలబెడితే కదలదు. డబ్బా అడుగు తొమ్మిది పది అంగుళాలే కాబట్టి కొమ్మల కింద మనిషి కాళ్లు చాపుకుని కూర్చోగలడు. ఐదడుగుల ప్లాస్టిక్ చెట్టుకూ దీనికీ తేడా అక్కడే తెలుస్తుంది.

మంట విషయంలో మాత్రం ఏమాత్రం రాజీ వద్దు. ఎండిన కట్టె, పైన దూది. అగ్గిపుల్ల చాలు. దీని దగ్గర కొవ్వొత్తి పెట్టవద్దు, అగరుబత్తి కూడా వద్దు. ఎల్‌ఈడీ లైట్లు తప్ప వేరేవి చుట్టవద్దు, అవి కూడా దూదికి తగలకుండా కట్టె మీదే చుట్టాలి. పడుకునే ముందు ప్లగ్గు తీసేయాలి.

పండుగ అయ్యాక దీన్ని సజ్జ మీద దాచుకోకండి. పత్తిని తినే గులాబీ రంగు పురుగు కట్టెల్లో, మిగిలిన కాయల్లో దాగి ఉండి మళ్లీ చేన్లకు చేరుతుందని వ్యవసాయ అధికారులు రైతులకు ఏటా చెప్తుంటారు. మేము దూది తీసి దిండులో కూరి, కట్టెను భోగి మంటలో వేస్తాం. మా ఓనరు ఆంటీ వాళ్లింటి ముందు వేసే మంటకు మా క్రిస్మస్ చెట్టు వెళ్తుంది. పోయినసారి ఆమే అడిగి తీసుకెళ్లారు.

గంపల చెట్టు

మేదరి వాళ్లు అల్లే వెదురు గంపలు మూడు సైజుల్లో తీసుకోండి. పెద్ద గంప, దాని కన్నా చిన్నది, అన్నిటికన్నా పైన చిన్న బుట్ట. మూడింటినీ బోర్లించి ఒకదాని మీద ఒకటి పెట్టండి. బతుకమ్మ పేర్చిన చేతులకు ఇది నేర్పక్కర్లేదు, కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. గంప లోపల ఒక సీరియల్ సెట్ పెట్టి వెలిగిస్తే అల్లిక సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా గోడ మీద పడుతుంది. గోడను ముట్టుకోకుండానే గోడంతా అలంకరించినట్టు ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు మా పిల్లలు హాల్లో ట్యూబ్ లైట్ వేయనివ్వలేదు.

డిసెంబర్‌లో చామంతులు, బంతులు బజార్‌లో కుప్పలుగా ఉంటాయి. 24 సాయంత్రం గంపల అంచుల వెంబడి బంతి దండలు చుడితే వేరే అలంకరణ వద్దు. రెండు మూడు రోజులకు వాడిపోతాయి కాబట్టి ముందే చుట్టకండి.

ఎత్తు రెండున్నర అడుగుల దాకా వస్తుంది కానీ పెద్ద గంప నేల మీద రెండడుగుల చోటు తీసుకుంటుంది. అందుకని దీన్ని కుట్టుమిషన్ మీదో, టీవీ బల్ల మీదో పెట్టుకోవడం మంచిది. ఖర్చు వేలాడే చెట్టు కన్నా ఎక్కువే. కానీ జనవరి నుంచి ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు, పిల్లల బొమ్మలు అన్నీ ఆ గంపల్లోకే వెళ్తాయి. ఇల్లు మారేటప్పుడు వాటిలోనే సామాన్లు సర్దుకోవచ్చు. కొన్న డబ్బు పూర్తిగా తిరిగి వచ్చేది దీనికే అని నా లెక్క.

నర్సరీలో దొరికే 'క్రిస్మస్ ట్రీ'

నర్సరీల్లో ఈ పేరుతో అమ్మేది అరకేరియా. ఆస్ట్రేలియాకు తూర్పున సముద్రంలో ఉన్న నార్ఫోక్ అనే చిన్న దీవి దాని పుట్టిల్లు. నేలలో పెడితే వందడుగులు దాటే చెట్టు. కుండీలో మాత్రం మెల్లగా పెరుగుతూ, చక్రాల్లా కొమ్మలు వేస్తూ ముచ్చటగా ఉంటుంది.

ఉన్న ఇంట్లో ఇంకో రెండు మూడేళ్లయినా ఉంటామన్న నమ్మకం ఉండి, వరండానో బాల్కనీనో ఉన్నవాళ్లకు ఇది మంచి ఎంపిక. లేకపోతే వద్దనే చెప్తాను. ఏడాదిలో పండుగ పదిహేను రోజులు, మిగిలిన పదకొండున్నర నెలలు దాన్ని బతికించాలి. నల్లగొండలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. ఆ ఎండలో నేరుగా పెడితే మాడిపోతుంది, చీకటి గదిలో పెడితే కింది కొమ్మలు ఎండి రాలతాయి. పొద్దుటి వెలుతురు తగిలే నీడ కావాలి. వారానికొకసారి కుండీని కొంచెం తిప్పకపోతే చెట్టు వెలుతురు వైపే వంగుతుంది. పై మొన విరిగితే ఆ ఆకారం మళ్లీ రాదు, ఇల్లు మారేటప్పుడు ట్రాలీ ఆటోలో గాలికి విరిగేది సరిగ్గా అదే. మెత్తటి గుడ్డతో కొమ్మలన్నీ పైకి కలిపి చుట్టి, మనిషి పట్టుకుని కూర్చుంటే తప్ప క్షేమంగా చేరదు.

కొమ్మలు సన్నటివి, బరువు మోయవు. కాగితం నక్షత్రాలు, తేలికపాటి లైట్లు చాలు. కుండీ కింద ప్లేటు తప్పకుండా పెట్టండి. నీరు కారి బండ మీద గుండ్రటి మరక పడితే అది మీ అడ్వాన్సు లెక్కలోకి వస్తుంది. ఇనుప స్టాండు అయితే తుప్పు మరక ఇంకా మొండిది.

కొత్త మొక్క కొనకుండా ఇంట్లో ఉన్న కుండీకే లైట్లు చుట్టుకోవచ్చు. కరివేపాకు చెట్టు, క్రోటన్, ఏదైనా సరే. స్పైడర్ ప్లాంటు, డ్రసీనా లాంటివి ఫ్లోరైడ్ నీళ్లను తట్టుకోలేవు, ఆకుల కొసలు గోధుమ రంగులోకి మాడతాయి. ఫ్లోరైడ్ అంటే ఏంటో మన జిల్లా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వాటికి బోరు నీళ్లు కాకుండా నల్లా నీళ్లు పోయండి.

ప్లాస్టిక్ చెట్టు, చీర చెట్టు

ప్లాస్టిక్ చెట్టు వద్దని నేను అనను. ఒక్కసారి కొంటే ఎనిమిదేళ్లు, పదేళ్లు వాడుకునే ఇళ్లున్నాయి. కొనేటట్టయితే రెండడుగులది కొని బల్ల మీద పెట్టుకోండి. నాలుగు, ఐదడుగుల చెట్టు నేల మీద ఎంత చోటు అడుగుతుందో షాపులో తెలియదు. ఇంటికొచ్చాక తెలుస్తుంది. మిగిలిన పదకొండు నెలలు దాని డబ్బా ఎక్కడ పెడతారో కూడా కొనకముందే చూసుకోవాలి.

చీర చెట్టు సంగతి వేరు. ఇంట్లో దండెం కొక్కెమో, వాడని ఫ్యాన్ కొక్కెమో ఉంటే ఆకుపచ్చ నేత చీరను సగానికి మడిచి, పైన ముడివేసి, కిందికి కుచ్చెళ్లు విప్పితే కోన్ ఆకారం వస్తుంది. నారాయణపేట చీర అంచు కింద చుట్టూ తిరిగితే ఎంత బాగుంటుందో. పిన్నీసులు మాత్రం గుచ్చకండి, బట్టలు ఆరేసే క్లిప్పులు వాడండి. పట్టుచీర అయితే అసలు వద్దు, మడత దగ్గర బరువు పడితే జరీ దెబ్బతింటుంది. లైట్లు చీరకు తగలనివ్వకూడదు. ఒక సాయంత్రం కూడికకు అలంకరణగా బాగుంటుంది కానీ నెలంతా ఉంచేది కాదు.

స్టార్ లేకుండా ఏదీ పూర్తికాదు

పైన చెప్పినవాటిలో ఏది పెట్టినా, పెట్టకపోయినా, స్టార్ మాత్రం కట్టండి. మన ఊళ్లలో ఇది క్రైస్తవుల ఇల్లు అని తెలిసేది ఇంట్లో చెట్టును బట్టి కాదు, బయట వేలాడే స్టార్‌ను బట్టే. చీకట్లో క్యారల్స్ వాళ్లు సందు మొదట్లో నిలబడి చూసేది దానికోసమే. కాగితం స్టార్ల కథ కూడా ముచ్చటైంది. చాలా కోణాలున్న కాగితపు నక్షత్రాన్ని 1830ల్లో జర్మనీలోని మొరేవియన్ క్రైస్తవుల బడిలో పిల్లలకు జామెట్రీ నేర్పడానికి చేయించారు. పాఠం కాస్తా పండుగ అలంకరణ అయింది.

కిరాయి ఇంటికి దీనంత అనువైంది లేదు. కిటికీ ఊచకో, గేటు పైకమ్మీకో తాడుతో కడితే చాలు, మొలతో పనిలేదు. వెదురు బద్దలతో మీరే చేసుకుంటే ఐదు బద్దల నక్షత్రాలు రెండు చేసి, వాటి మధ్య చిన్న పుల్లలు పెట్టి ఉబ్బెత్తుగా చేయాలి, అప్పుడే లోపల బల్బుకు చోటుంటుంది. లోపల ఎల్‌ఈడీ బల్బే పెట్టండి. పాత రకం బల్బు వేడికి కాగితం మాడుతుంది. మంచు ఎక్కువగా కురిసే ఊరైతే కాగితం మీద పలుచటి ప్లాస్టిక్ కవరు చుట్టండి.

పశువుల పాక కూడా అంతే, అడుగున్నర చోటు చాలు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ నిజమైన గడ్డి, ఎద్దు, గాడిదలతో క్రీస్తు పుట్టిన రాత్రిని కళ్లముందు నిలబెట్టాడు. ఇళ్లలో పాక కట్టుకునే అలవాటు అక్కడి నుంచే బలపడింది. మన ఇళ్లలో కిటికీ గూట్లోనో, అల్మరా అరలోనో పెట్టుకోవచ్చు. వరిగడ్డి పిడికెడు ఉంటే చాలు. పండుగకు పది రోజుల ముందు ఒక పళ్లెంలో మట్టి పోసి గోధుమలు చల్లితే, 24 నాటికి పాక ముందు పచ్చటి నారు నిలబడుతుంది. ఆ పచ్చదనం ముందు ఏ చెట్టూ గుర్తుకు రాదు.

కరెంటు, ఓనరు

ఒకే మీటరు మీద రెండు మూడు వాటాలున్న ఇంట్లో లైట్ల గురించి మాట రాకముందే మీరే వెళ్లి చెప్పడం మంచిది. లెక్క చెప్తే ఎవరూ కాదనరు. 5 వాట్ల ఎల్‌ఈడీ సెట్‌ను రోజుకు ఆరు గంటల చొప్పున ముప్పై రోజులు వెలిగిస్తే 0.9 యూనిట్ అవుతుంది, అంటే నెలంతా కలిపి ఒక్క యూనిట్ కూడా కాదు. నేను ఈ లెక్క కాగితం మీద రాసి చూపించాకే మా ఆంటీ మెట్ల దగ్గర కూడా ఒక సెట్ కట్టుకోమన్నారు. కొనేటప్పుడు సెట్ మీద వాట్లు ఎన్నో చూడండి. అతుకులకు టేపు చుట్టిన పాత సెట్‌ను తీసి పారేయండి.

మా పక్కింటి అమ్మాయి కొత్తగా పెండ్లయి ఒక్క అర్ర ఇంట్లోకి వచ్చింది. ఏం పెట్టుకోవాలి అక్కా అని అడిగితే బీరువా చెట్టు, బయట స్టార్ చాలన్నాను. నర్సు ఉద్యోగానికి ఊళ్లు మారుతూ ఉండే మా చెల్లెలికి ఏడు కట్టెల చెట్టే. తాడు చుట్టేస్తే చేతిసంచిలో పడుతుంది. పిల్లలు ఎదిగి, హాలు కాస్త పెద్దగా ఉండి, ఊళ్లో రైతులతో చుట్టరికం ఉన్నవాళ్లు తప్పకుండా పత్తికట్టె తెచ్చుకోవాలి. ఒక్కసారి తెచ్చుకుంటే మళ్లీ ప్లాస్టిక్ వైపు చూడరు. ముసలి అత్తమామలు ఇంట్లో ఉంటే నేల మీద ఏదీ వద్దు, రాత్రి లేచినప్పుడు కాలికి తగులుతుంది, వైరు అసలే వద్దు. గంపలను బల్ల మీద పెట్టుకుంటే సరి.

ఏది పెట్టినా, అన్నీ అయ్యాక ఒకసారి హాల్లో చాప పరిచి చూడండి. చాప పూర్తిగా పరుచుకుంటే మీరు సరైనదే ఎంచుకున్నారు. అంచు మడవాల్సి వస్తే ఇంకా కొంచెం చిన్నది చూడండి.

మేము జనవరి 6 దాకా ఉంచుతాం. ఆ రోజు సాయంత్రం బత్తాయి చక్రాలు విప్పి డబ్బాలో పెడతాను, బాబు కట్టెలను తాడుతో సహా చుట్ట చుడతాడు. అప్పటికి కొత్త క్యాలెండర్ వచ్చి టీవీ వెనక వారం రోజులుగా ఎదురుచూస్తూ ఉంటుంది. దాన్ని తీసి ఆ మొలకు తగిలిస్తాం.